గొడుగు తిరగబడే క్షణం – కెటాస్ట్రఫీ థియరీ కథ

ప్రత్యేక సంచికకు వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు కబురు చేసినప్పుడు, కరువు భత్యం, కమ్యూటేషన్, మెడికల్ రీయింబర్స్‌మెంటు – ఈ మూడూ కాని విషయం ఏదైనా పనికివస్తుందా అని అడిగాను. నిక్షేపంగా వ్రాయమన్నారు. విద్యుత్ శాఖలో, అందునా లోడ్ డిస్పాచ్‌లో పనిచేసిన మా బోటి వాళ్ళను సర్వీసు పొడుగునా వదలని ప్రశ్న ఒకటున్నది. పొద్దుటి నుంచి లోడు నిదానంగా పెరుగుతూ ఉంటుంది, వోల్టేజి కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది, అంతా మామూలే అనుకుంటుండగా ఏదో ఒక నిమిషంలో వ్యవస్థ మొత్తం కూలబడుతుంది. కారణం మెల్లగా నడిచివస్తుంటే ఫలితం ఒక్కసారిగా ఎందుకు గెంతుతుంది? ఈ ప్రశ్నకే ఒక ఫ్రెంచి గణితవేత్త ఒక సిద్ధాంతం కట్టాడు. దానిని లోకం ముందు నెత్తిన పెట్టుకున్నది, పదేళ్ళు తిరగకుండా నేలకేసి కొట్టింది. ఆపైన పేరు చెప్పకుండా వాడుకుంటూ వస్తున్నది. ఆ కథ మన సభ్యులకు, వారి ఇళ్ళలో చదువుకుంటున్న పిల్లలకు చెప్పదగినదని నా ఉద్దేశం.

ముందు పేరు సంగతి. కెటాస్ట్రఫీ అనగానే మనకు దివిసీమ ఉప్పెన గుర్తుకు వస్తుంది. కొందరు తెలుగులో ‘విపత్తు సిద్ధాంతం’ అని వ్రాశారు కూడా. కాని గ్రీకు మూలంలో ఆ మాటకు తిరగబడటం, తలకిందులు కావటం అని అర్థం. నాటకంలో కథ ఒక్కసారిగా మలుపు తిరిగే చోటును అలా పిలిచేవారు. కాబట్టి ఇందులో ప్రాణనష్టం ఉండి తీరాలని లేదు. గాలివానలో మన గొడుగు ఫెళ్ళున పైకి తిరగబడుతుంది చూడండి, గణితం భాషలో అదొక కెటాస్ట్రఫీ.

ఆ గొడుగునే కాస్త నిదానించి చూద్దాం. గాలి పెరుగుతున్నంతసేపూ ఊచలు కొద్దికొద్దిగా వంగుతాయి, గొడుగు గొడుగులాగే ఉంటుంది. ఒక హద్దు దాటగానే మధ్యలో ఎక్కడా ఆగకుండా తిరగబడుతుంది. ఇక గాలి ఆ హద్దుకంటే కాస్త తగ్గినంత మాత్రాన అది తిరిగి బాగుపడదు. దానిని యథాస్థితికి తేవాలంటే వెనక్కి బాగా లాగాలి. మన పాత బేకలైట్ స్విచ్చు సంగతీ ఇంతే. మీటను మెల్లగా నొక్కుకుంటూ పోతే ఒకచోట టప్పుమని పడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు అదే చోట లేవదు, ఇంకా ఇవతలకు వచ్చాక లేస్తుంది. ఈ రెండు లక్షణాలను – హఠాత్తుగా గెంతటం, పోయిన దారిన తిరిగి రాకపోవటం – పాఠకులు మనసులో ఉంచుకోవాలి. తక్కిన కథ అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

రెనే తోమ్ 1923లో ఫ్రాన్సులోని మోంబెలియార్ అనే ఊళ్ళో పుట్టాడు. తలిదండ్రులు దుకాణదారులు. ముప్పై అయిదేళ్ళు నిండకముందే, 1958లో, గణితానికి నోబెల్ అంతటిదని చెప్పుకునే ఫీల్డ్స్ పతకం అందుకున్నాడు. పతకం వచ్చింది వేరే విషయానికి. ఆ తరువాత ఆయన దృష్టి విచిత్రమైన వైపు మళ్ళింది. జర్మనీలో బాన్ నగరంలోని ఒక మ్యూజియంలో కప్ప గుడ్డు పిండంగా మారే దశల ప్లాస్టర్ బొమ్మలు చూశాడట. నున్నటి బంతి వంటి గుడ్డు మీద ఒకచోట సొట్ట పడుతుంది, అది లోపలికి ముడుచుకుంటుంది, క్రమంగా తల, తోక ఏర్పడతాయి. ఆ ముడతలు తాను కాగితం మీద చూస్తున్న గణిత రూపాల వంటివే కదా అని తోచింది. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త వాడింగ్టన్ అప్పటికే పిండం ఎదుగుదలను కొండల నడుమ లోయల్లో దొర్లే బంతితో పోల్చి బొమ్మ గీసి ఉన్నాడు. ఒక చోట లోయ రెండుగా చీలుతుంది. బంతి ఇటు పోతే ఒక అవయవం, అటు పోతే మరొకటి. ఆ లోయల బొమ్మకు తోమ్ గణితం కట్టాడు.

సిద్ధాంతం సారం ఆ బంతితోనే చెప్పవచ్చు. ఏ వ్యవస్థ అయినా స్థిరంగా ఉన్నదంటే లోయ అడుగున బంతి నిలిచి ఉన్నట్టు లెక్క. బయటి పరిస్థితులు మారుతుంటే లోయ ఆకారం మెల్లగా మారుతుంది. ఒక అంచు దిగుతుంది, అడుగు పైకి లేస్తుంది. బంతి మాత్రం ఇంకా అక్కడే ఉంటుంది కనుక చూసేవారికి ఏమీ జరుగుతున్నట్టుండదు. చివరకు ఆ అడుగూ, పక్కనున్న గట్టూ కలిసిపోయి లోయే మాయమవుతుంది. అప్పుడు బంతి పక్కలోయలోకి దొర్లక తప్పదు. తోమ్ చెప్పిన గొప్ప మాట ఏమిటంటే, బయటినుంచి మార్చగల అంశాలు నాలుగుకు మించకపోతే, లోపల వ్యవస్థ ఎంత చిక్కుగా ఉన్నా సరే, లోయ మాయమయ్యే తీరులు మౌలికంగా ఏడు మాత్రమే. నాలుగే ఎందుకంటే, పొడవు వెడల్పు ఎత్తులు మూడు, కాలం ఒకటి – పిండం పెరిగేది ఈ నాలుగింటిలోనే కదా అని ఆయన ఉద్దేశం. ఆ ఏడింటికీ పేర్లు పెట్టారు: మడత, మొన, స్వాలో పిట్ట తోక, సీతాకోకచిలుక, ఆపైన మూడు రకాల ‘నాభులు’ – అతిపరావలయ, దీర్ఘవృత్త, పరావలయ నాభులు. చీలిన పిట్టతోకలా ఉన్న మూడో రూపానికి ఆ పేరు సూచించినవాడు బెర్నార్ మొరాన్ అనే గణితవేత్త. ఆయన చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్నవాడు. కళ్ళున్న మనం బొమ్మ గీసినా తికమకపడే రూపానికి ఆయన మనసులోనే ఆకారం చూసి పేరు పెట్టాడు!

న్యాయంగా చెప్పాలంటే ఇదంతా తోమ్ ఒక్కడి కష్టం కాదు. మడత, మొన అనే మొదటి రెండింటినీ అమెరికన్ గణితవేత్త హాస్లర్ విట్నీ 1955లోనే నిర్ధారించాడు. తోమ్ ఊహించిన దానికి పటిష్ఠమైన నిరూపణ దొరకటానికి జాన్ మేథర్ వంటివారు 1960లలో చాలా శ్రమపడ్డారు. తోమ్ పుస్తకం 1972లో ఫ్రెంచిలోను, 1975లో ఇంగ్లీషులోను వచ్చింది. అది గణిత గ్రంథమా, జీవశాస్త్రమా, తత్త్వశాస్త్రమా అంటే మూడూను. చదవటం మాత్రం కష్టం.

కష్టమైన శాస్త్రాన్ని నలుగురి నోళ్ళలో పెట్టాలంటే హరిదాసు వంటివాడొకడు కావాలి. ఆ పని క్రిస్టఫర్ జీమన్ చేశాడు. 1925లో జపాన్‌లో పుట్టిన ఇంగ్లీషువాడు, యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేసినవాడు, 1964లో వార్విక్ విశ్వవిద్యాలయంలో గణితశాఖను స్థాపించినవాడు. ‘కెటాస్ట్రఫీ థియరీ’ అని నామకరణం చేసినదీ ఆయనేనని తోమ్ చెప్పాడు. 1969లో ఆయన అట్టముక్క, రబ్బరు బ్యాండ్లతో ఒక యంత్రం చేశాడు. మన ఇళ్ళలో కూడా అరగంటలో తయారవుతుంది కనుక వివరంగా వ్రాస్తున్నాను. దళసరి అట్టతో మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం గల బిళ్ళ కత్తిరించి, నడుమ మేకు దిగగొట్టి, పలకమీద తేలికగా తిరిగేటట్టు అమర్చాలి. బిళ్ళ అంచున ఒక పిన్ను గుచ్చి, దానికి రెండు రబ్బరు బ్యాండ్లు తగిలించాలి. లాగకముందు వాటి పొడవు ఆరేసి సెంటీమీటర్లు ఉంటే బాగుంటుంది. ఒక బ్యాండు రెండో కొసను బిళ్ళ కేంద్రానికి పన్నెండు సెంటీమీటర్ల దూరంలో మేకుకు కట్టేయాలి. రెండో బ్యాండు కొసను పెన్సిలుకు తగిలించి, మేకుకు ఎదురు దిక్కున పలకమీద మెల్లగా అటూ ఇటూ జరపాలి. చేయి ఎంత నెమ్మదిగా కదిపినా ఒకచోట బిళ్ళ గిర్రున తిరిగిపోతుంది. తిరిగిన ప్రతిచోటా పెన్సిలుతో చుక్క పెడుతూ పోతే, వంపు తిరిగిన అంచులతో నాలుగు మొనలున్న వజ్రం ఆకారం వస్తుంది. విశేషమేమిటంటే, వజ్రం లోపలికి పోయేటప్పుడు బిళ్ళ గెంతదు, అవతలివైపు బయటకు వచ్చేటప్పుడే గెంతుతుంది. వెనక్కి వస్తే ఇవతలి అంచు దగ్గర గెంతుతుంది. వజ్రంలోకి పోకుండా, బిళ్ళ వైపున్న మొనను చుట్టి వెళ్ళామంటే అసలు గెంతే ఉండదు. బిళ్ళ బుద్ధిగా తిరుగుతుంది. బయలుదేరిన చోటు ఒకటే, చేరిన చోటు ఒకటే. నడిచిన దారినిబట్టి ఒకసారి ఉపద్రవం, ఒకసారి శాంతి.

జీమన్ ఈ ‘మొన’ను పట్టుకుని లోకమంతా తిరిగాడు. కుక్క కోపం ఒక అంశం, భయం మరొక అంశం. కోపం మాత్రమే ఉంటే కరుస్తుంది, భయం మాత్రమే ఉంటే పారిపోతుంది. రెండూ కలిసి ఉన్నప్పుడు ఏ క్షణంలో ఏమి చేస్తుందో ముందటి క్షణంలో దాని స్థితినిబట్టి ఉంటుందన్నాడు. బెదిరి వెనక్కి జరుగుతున్నది హఠాత్తుగా మీద పడవచ్చు. దీనికి మనకు గణితం అక్కరలేదు. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని మన ముసలమ్మలు ఏనాడో చెప్పారు. తరువాత 1974లో స్టాక్ ఎక్స్‌ఛేంజిలో ధరలు కూలటం గురించి వ్రాశాడు. ఇంగ్లండులోని గార్‌ట్రీ జైలులో 1972లో జరిగిన అల్లర్ల లెక్కలు తీసుకుని, ఖైదీలలో ఉద్రిక్తత ఒక అంశంగా, పరాయితనం ఒక అంశంగా పెట్టి మరికొందరితో కలిసి 1976లో ఒక పత్రం ప్రచురించాడు. అదే సంవత్సరం ‘సైంటిఫిక్ అమెరికన్’లో బొమ్మలతో సహా ఆయన వ్యాసం వచ్చింది. ‘న్యూస్‌వీక్’ పత్రిక కలన గణితం తరువాత ఇంతటిది రాలేదన్న ధోరణిలో వ్రాసింది. న్యూటన్ కాలం నాటి కలన గణితంతో పోలిక అంటే మాటలా! వాపును బలుపు అనుకోవటం అప్పటికే మొదలైందన్నమాట.

ఇక్కడ గురువుకు, ప్రచారకుడికి ఉన్న తేడా చెప్పుకోవాలి. జీమన్‌కు ప్రయోగాలు చేసి, కొలిచి, సరిచూడాలని ఆశ. తోమ్‌కు దానిమీద అంత గురి లేదు. ఈ సిద్ధాంతం ప్రకృతిని అర్థం చేసుకునే ఒక భాష అని ఆయన అభిప్రాయం. 1991లో వచ్చిన ఆయన సంభాషణల పుస్తకానికి, ముందుగా చెప్పగలగటం వేరు, వివరించటం వేరు అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఇంజనీరుగా పనిచేసిన నాకు ఇది మింగుడు పడదు. ఎప్పుడు కూలుతుందో చెప్పలేని వివరణను షిఫ్టులో కూర్చున్నవాడు ఏం చేసుకుంటాడు? అయితే పిండంలో చేయి, కాలు ఎలా ఏర్పడతాయని ఆలోచించేవాడికి ముహూర్తంతో పనిలేదు, రూపంతోనే పని. ఆయన దృష్టిలో ఆయన మాట సబబే.

దాడి 1977లో మొదలైంది. ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రిక, చక్రవర్తి ఒంటిమీద బట్టలు లేవంటూ శీర్షిక పెట్టి వ్రాసింది – మన దేవతా వస్త్రాల కథే. అక్టోబరులో ‘నేచర్’ పత్రికలో హెక్టర్ సుస్మన్, రాఫెల్ జాలర్ అనే ఇద్దరు గణితవేత్తలు జీమన్ నమూనాలను ఒక్కొక్కటిగా విప్పి చూపారు. కోపాన్ని కొలిచే సామగ్రి ఏది? ఒక జైలులో ఒక సంవత్సరపు లెక్కలకు మొన ఆకారం సరిపోయిందంటే, ఇంకే ఆకారమూ సరిపోదని రుజువేమిటి? తోమ్ సిద్ధాంతం వర్తించాలంటే ఉండవలసిన షరతులు కుక్క మనస్సులో ఉన్నాయని ఎవరు చూశారు? వాళ్ళు అడిగిన ప్రశ్నలు ఇటువంటివి. 1978లో ఫీల్డ్స్ పతక గ్రహీత స్టీఫెన్ స్మేల్ కూడా జీమన్ వ్యాస సంపుటిని సమీక్షిస్తూ గట్టిగానే విమర్శించాడు. రష్యన్ గణితవేత్త ఆర్నోల్డ్ ఈ రూపాల వర్గీకరణను ఏడింటితో ఆగకుండా ఎంతో ముందుకు తీసుకుపోయినవాడు. ఆయన వ్రాసిన చిన్న పుస్తకంలో కూడా ఈ అనువర్తనాల మీద చురకలే ఎక్కువ. 1983లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ పిట్టతోక వక్రరేఖనే తన చివరి చిత్రానికి వస్తువుగా తీసుకున్నాడు. అప్పటికి గణిత విభాగాలలో ఈ సిద్ధాంతం పేరెత్తటమే నామోషీ అయిపోయింది.

విమర్శకులు అన్నదాంట్లో తప్పు పట్టవలసింది నాకు పెద్దగా కనిపించదు. ఒక్క మాట మాత్రం ఉన్నది. వాళ్ళు కూల్చినది జైలు నమూనాను, కుక్క నమూనాను. సిద్ధాంతానికి ఒక్క గీత కూడా పడలేదు, పడేది కాదు. అది నిరూపించబడిన గణితం. కాని చూసేవాళ్ళు రెండింటినీ కలిపి అవతల పారేశారు. కొలవటానికి వీలున్న చోట్ల ఆ గణితం ఏం చేసిందో చూస్తే వ్యవహారం వేరుగా ఉంటుంది.

ఖాళీ స్టీలు గ్లాసును ఉదయపు ఎండలో పెట్టి లోపలికి చూడండి. అడుగున రెండు వెలుగు గీతలు వంపు తిరిగి వచ్చి ఒకచోట మొనగా కలుస్తాయి. అది అచ్చంగా ఏడింటిలో రెండోది. కాంతి కిరణాలు గోడకు తగిలి పరావర్తనం చెంది, ఒకదానిమీద ఒకటి మడతపడ్డ చోట వెలుగు పోగవుతుంది. ఆకాశంలో ఇంద్రధనుస్సు మొదటి రకం, మడత. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ బెర్రీ, జాన్ నై ప్రభృతులు 1970ల చివర నీటిబొట్టు గుండా లేజరు కాంతి పంపి, దీర్ఘవృత్త నాభి ఇవ్వవలసిన నమూనా చుక్కకు చుక్క సరిపోవటం చూపించారు. నక్షత్రాలు మిణుకుమనటంలో వెలుగు హెచ్చుతగ్గుల లెక్కకు కూడా బెర్రీ ఈ రూపాలనే వాడాడు. ఇక్కడ ఎవరూ దేవతా వస్త్రాలు అనలేదు, ఎందుకంటే ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు.

కాంతి అయితే చూసి ఆనందించేది. ఉక్కు సంగతి అలా కాదు. నిలువు కమ్మీ మీద బరువు పెంచుకుంటూ పోతే ఒక హద్దు దగ్గర అది పక్కకు వంగిపోతుందని ఆయిలర్ 1744లోనే లెక్కకట్టాడు. అయితే పలుచటి రేకుతో చేసిన గొట్టాలు, డొప్పలు లెక్కలో వచ్చిన బరువులో చాలా తక్కువ భాగానికే సొట్టపడి కూలటం ఇంజనీర్లకు అంతు పట్టలేదు. డచ్ ఇంజనీరు వార్నర్ కోయ్‌టర్ 1945లో, తోమ్ పుస్తకానికి ఇరవై ఏడేళ్ళ ముందు, రహస్యం విప్పాడు. ఏ వస్తువూ నూటికి నూరుపాళ్ళు తిన్నగా తయారు కాదు. ఉన్న ఆ కాస్త వంకర ఎంతో, దాని రెండు బై మూడో ఘాతం చొప్పున బలం తగ్గుతుంది. అంటే వెయ్యోవంతు వంకర ఉంటే బలం తగ్గేది వెయ్యోవంతు స్థాయిలో కాదు, నూరోవంతు స్థాయిలో. ఒకదాని ఘనం, మరొకదాని వర్గం కలిసిన ఆ సూత్రమే మొన గీతకు కూడా సూత్రం. కోయ్‌టర్ థీసిస్ డచ్ భాషలో ఉండటంవల్ల చాలాకాలం ఎవరి కంటా పడలేదు. లండన్‌లో మైఖేల్ థాంప్సన్, జైల్స్ హంట్ 1973 నాటి తమ గ్రంథంలోను, ఆ తరువాతి రచనల్లోను ఈ విద్యను వ్యాప్తిలోకి తెచ్చి తోమ్ రూపాలతో జతపరిచారు.

అది ఎంత అవసరమో చెప్పటానికి 1970వ సంవత్సరం చాలు. జూన్ 2న వేల్స్‌లోని మిల్‌ఫోర్డ్ హేవెన్ దగ్గర కడుతున్న ఉక్కు పెట్టె దూలాల వంతెన కూలి నలుగురు పోయారు. అక్టోబరు 15న ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వెస్ట్ గేట్ వంతెన వంతు వచ్చింది. రెండు సగాలుగా చేసి పైకెత్తిన దూలం మధ్య అతుకు దగ్గర మట్టం 11 సెంటీమీటర్ల పైచిలుకు తేడా వచ్చింది. ఎత్తుగా ఉన్న సగాన్ని కిందికి దించటానికి ఒక్కొక్కటి ఎనిమిది టన్నుల కాంక్రీటు దిమ్మెలు పది తెచ్చి పెట్టారు. బరువుకు పైరేకు ఒకచోట ఉబ్బింది. ఆ ఉబ్బు తీయటానికి అక్టోబరు 15 ఉదయం అతుకు దగ్గర బోల్టులు ఒకటొకటిగా ఊడదీయటం మొదలుపెట్టారు. బరువు పెరగలేదు, గాలి వీచలేదు. ఒక్కొక్క బోల్టుకూ లోయ అడుగు కాస్త కాస్త పైకి లేచింది. 11 గంటల 50 నిమిషాలకు 112 మీటర్ల పొడవు దూలం, సుమారు రెండు వేల టన్నుల ఉక్కు, కిందపడింది. 35 మంది కార్మికులు, ఇంజనీర్లు చనిపోయారు. వారిలో కొందరు దూలం కిందనే ఉన్న షెడ్లలో భోజన విరామంలో ఉన్నారు. బోల్టులు తీసినవారు తాము చేస్తున్నది మరమ్మతు అనుకున్నారు. ఆ తరువాత విచారణ సంఘం డిజైను చేసినవారి దగ్గరనుంచి కట్టినవారి దాకా అందరినీ తప్పుపట్టింది. బ్రిటన్‌లో ఇటువంటి వంతెనల నిబంధనలనే తిరగరాశారు.

నీటిలోనూ ఇదే వరస కనిపించింది. నెదర్లాండ్స్‌లో వెలువె అనే లోతులేని సరస్సు ఉంది. పొలాల నుంచి, ఊళ్ళ నుంచి ఫాస్ఫరస్ చేరి చేరి, 1960ల చివరలో తేటగా ఉన్న నీరు పచ్చగా చిక్కబడిపోయింది, అడుగున ఉన్న నాచుమొక్కలు అంతరించాయి. లీటరుకు సుమారు 0.20 మిల్లీగ్రాముల దగ్గర అది జరిగింది. మురుగు శుభ్రం చేసి ఫాస్ఫరస్ తగ్గించుకుంటూ వస్తే, 0.20కి దిగినా నీరు తేటపడలేదు. సుమారు 0.10కి దిగాక, 1990లలో గాని మళ్ళీ అడుగు కనిపించలేదు. గొడుగు కథే. చెడటానికి పట్టిన మోతాదు దగ్గర బాగుపడదు, అందులో సగానికి రావాలి. మార్టెన్ షెఫర్ అనే డచ్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2001లో ‘నేచర్’లో వ్రాసిన వ్యాసంలో ఈ సరస్సు బొమ్మ ఉన్నది. వ్యాసం పేరులో కూడా కెటాస్ట్రఫీ మాట ఉన్నది! తరువాత తరువాత ‘టిప్పింగ్ పాయింట్’, ‘బైఫర్కేషన్’ అనే బోర్డులు పైకెక్కాయి. దుకాణం అదే, సరుకూ అదే.

2009లో అదే షెఫర్ బృందం మరో అడుగు వేసింది. లోయ అడుగు చదునుబారుతుంటే, బంతిని కాస్త కదిపినప్పుడు అది తిరిగి చోటికి రావటానికి ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి వ్యవస్థ చిన్న కుదుపుకు ఎంత త్వరగా కోలుకుంటున్నదో చూస్తూ ఉంటే, గట్టు దగ్గరపడుతున్న సంగతి ముందే పసిగట్టవచ్చు. 2011లో అమెరికాలో కార్పెంటర్ బృందం పీటర్ లేక్ అనే చిన్న సరస్సులోకి పెద్దచేపలను కొద్దికొద్దిగా వదిలి దీనిని పరీక్షించింది. ఆహార గొలుసు తారుమారు కావటానికి ఏడాదికి పైగా ముందే సూచనలు కనిపించాయి. అన్ని గెంతులకూ ముందు ఇలా సూచన ఉంటుందని మాత్రం అనుకోరాదు. బయటినుంచి పెద్ద దెబ్బ తగిలితే బంతి లోయ లోతుగా ఉండగానే ఎగిరి పడుతుంది.

ఇక మన ఇంటి విషయానికి వస్తాను. దూరాన ఉన్న పవర్ స్టేషను నుంచి పొడవాటి లైను మీద కరెంటు వస్తున్నదనుకుందాం. లోడు అడ్డంగా, వోల్టేజి నిలువుగా గీస్తే వచ్చే రేఖను ‘నోస్ కర్వ్’ అంటాం. పక్కనుంచి చూసిన మనిషి ముక్కులా ఉంటుంది. ఒకే లోడుకు రెండు వోల్టేజీలు సాధ్యం. పైది మనం నడిపేది, కిందిది నిలవనిది – లోయా గట్టూ అన్నట్టు. లోడు పెరిగేకొద్దీ రెండూ దగ్గరకు వచ్చి ముక్కు కొన దగ్గర కలుస్తాయి. ఆపైన సమాధానమే లేదు. తోమ్ జాబితాలో మొట్టమొదటిదైన మడత ఇదే. వోల్టేజి తగ్గితే బల్బు మసకబారి తాను అడిగేది తగ్గించుకుంటుంది. మోటారు మాత్రం కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది. వ్యవసాయ పంపుసెట్ల ఫీడర్లు చూసినవారికి, కాలిన వైండింగులు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. వోల్టేజి నిలబెట్టటానికి మనం కెపాసిటర్లు పెడతాం. మంచిదే. కాని కెపాసిటర్లు పెట్టినకొద్దీ ముక్కు కొన కూడా పైకి జరిగి మామూలు వోల్టేజి దగ్గరకే వస్తుంది. మీటరు చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, మనం మాత్రం అంచు మీద నిలబడి ఉంటాం.

టోక్యోలో 1987 జూలై 23న సరిగ్గా ఇదే జరిగింది. ఎండ మండిపోతున్న రోజు. మధ్యాహ్న భోజనం ముగించి ఒంటిగంటకు జనం మళ్ళీ పనిలో కూర్చోగానే లోడు నిమిషానికి 400 మెగావాట్ల చొప్పున పెరిగింది. కొన్ని నిమిషాలలోనే ఉన్న కెపాసిటర్లన్నీ వేసేశారు. అయినా 500 కె.వి. లైన్ల మీద వోల్టేజి జారుతూ జారుతూ 1 గంట 19 నిమిషాలకు కొన్నిచోట్ల 370కి వచ్చి, రిలేలు పడిపోయాయి. 8,000 మెగావాట్లకు పైగా లోడు, 28 లక్షల కనెక్షన్లు పోయాయి. పిడుగు పడలేదు, లైను తెగలేదు, మిషను చెడలేదు. వేగంగా పెరుగుతున్న ఎయిర్ కండిషనర్ల లోడు, అంతే. ఇటువంటి లెక్కలకు తోమ్ రూపాలను వాడవచ్చునని 1983లోనే ఇంజనీర్ల పత్రికలో సల్లమ్, డైన్‌లీ అనే ఇద్దరు వ్రాసి ఉన్నారు.

మిత్రులు కొందరు 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాది చీకటైపోవటాన్ని కూడా ఈ ఖాతాలో వేస్తుంటారు. అది సరికాదు. అక్కడ బీనా – గ్వాలియర్ 400 కె.వి. లైను అధిక భారంతో ట్రిప్ అయి, ఆ భారం పక్క లైన్ల మీద పడి, అవి వరసగా ట్రిప్ అయ్యాయి. అది గొలుసు తెగటం. ముక్కు కొన దాటటం కాదు. హఠాత్తుగా జరిగిన ప్రతిదానికీ మొనలు, మడతలు అంటగడితే 1977లో జీమన్‌కు పడిన చీవాట్లు మనకూ పడతాయి. అన్నట్టు ఆ రెండు రోజులూ మన దక్షిణాది గ్రిడ్డుకు ఏమీ కాలేదు. అప్పటికి మనం తక్కిన దేశంతో డి.సి. లింకుల ద్వారా మాత్రమే కలిసి ఉన్నాం. రాయచూరు – షోలాపూరు 765 కె.వి. లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్డు అయింది 2013 డిసెంబరు 31న.

తోమ్ 2002లోను, జీమన్ 2016లోను కాలం చేశారు. నేడు చాలా దేశాలలో కంట్రోల్ రూముల తెరమీద వోల్టేజితోపాటు ఇంకొక అంకె కూడా కనిపిస్తుంది: ముక్కు కొనకు ఇంకా ఎన్ని మెగావాట్ల దూరంలో ఉన్నామో కంప్యూటరు కొన్ని నిమిషాలకొకసారి లెక్కకట్టి చూపిస్తుంది. మా కాలంలో ఆ అంకె లేదు. లైన్ల మీద భారం చూసి, వోల్టేజి దిగే వేగం చూసి, ఇక ఫీడర్లు తీయమని ఫోను చేసేవాళ్ళం.